గీత మాటు ఆల్గోత్

మా వేట జట్టులో ఆల్గోత్ దగ్గర కబుర్లంటూ ఏవీ ఉండేవి కావు, ఒక్క తన తూటా గురించి తప్ప. వాన పడేలా ఉందా అని అడిగినా, మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగినా, మూడో మాటకి అక్కడికే వచ్చి ఆగేవాడు. మూడు యాభై ఎనిమిది నార్మా మాగ్నమ్. ఆ పేరు నాకు కంఠతా వచ్చిందంటే ఆయన పుణ్యమే. మిగతా మేమంతా ఆరున్నర మిల్లీమీటర్ల సన్నగుండు తుపాకుల వాళ్ళం. మా నాన్నలు వాటితోనే వేటాడారు, ఏ పల్లెటూరి కొట్లో అడిగినా ఆ తూటాల డబ్బా తీసి బల్ల మీద పెడతారు. ఆల్గోత్ తూటా పేరు చెబితే మాత్రం కొట్టువాడు "మళ్ళీ చెప్పండి" అంటాడు. అందుకని పేలిన తూటాల ఖాళీ గుల్లలు జాగ్రత్తగా ఏరి తెచ్చుకుని, ఇంట్లో వంటబల్ల మీద తనే మందు పోసి, గుండు బిగించి తయారుచేసుకునేవాడు.

"ఏమయ్యా పెద్దాయనా, నువ్వు కొట్టేది మూస్ దుప్పినా, రైలింజన్నా?" అని బెర్తిల్ ప్రతి ఏడూ అడిగేవాడు. బెర్తిల్ మా జట్టులో నోరున్నవాడు. ఒకే హాస్యాన్ని ఏళ్ళ తరబడి నడిపించగల సమర్థుడు.

ఆల్గోత్‌కి హాస్యం పట్టేది కాదు. అడిగిందే చాలని మొదలుపెట్టేవాడు. "మోత ఎక్కువ, నిజమే. భుజం వాచేలా తన్నుతుంది, అదీ నిజమే. కానీ గుండు లావుది, బరువుది. ఎముక అడ్డొచ్చిందని చెదిరిపోదు. ఇటు దూరి అటు తేలుతుంది. దుప్పి నిలబడ్డ చోటే కూలుతుంది. మీ ఆరున్నరా చంపుతుంది, కాదనను. కాకపోతే తను చచ్చానని దుప్పికి తెలిసేసరికి అది అడవిలో సగం దూరం పోయి ఉంటుంది."

"మరి మాంసం పాడవదూ?"

"మాంసాన్ని నెత్తురుగడ్డ చేసేది వేగం. లావు కాదు. దగ్గర్లో కొడితే సన్నగుండే ఎక్కువ పాడుచేస్తుంది. కావాలంటే ఈసారి చర్మం వొలిచేటప్పుడు చూడు."

"కొమ్మల్లోంచి కొడితే?"

"కొమ్మ తగిలినా దారి తప్పని గుండు ఈ భూమ్మీద లేదు. ఉందని ఎవడైనా అంటే వాడు వేటకి వెళ్ళలేదని లెక్క."

ఇంత మాట్లాడి, ఇక చెప్పడానికేం లేక, కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చునేవాడు. నాకు ఆ తూటా పురాణం వింటే విసుగే. అయినా చెప్పకపోతే తప్పవుతుంది, ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం ఉండేది కాదు. ఆయన కొట్టిన దుప్పి ఏదీ పది అడుగులు వేయగా మేం చూడలేదు.

మనిషి పొడుగు, కొంచెం వంగి నడిచేవాడు. చలికాలమంతా రోడ్ల శాఖవారి మంచు తోసే బండి నడిపేవాడు. నేను బడి బస్సు నడుపుతాను కాబట్టి తెల్లారకముందే రోడ్డు మీద మేమిద్దరమే ఎదురుపడేవాళ్ళం. ఆయన లైట్లు ఒకసారి ఆర్పి వెలిగించేవాడు, నేనూ అలాగే చేసేదాన్ని. ఏడాది మొత్తానికి మా మధ్య నడిచిన సంభాషణలో చాలా భాగం అదే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఒకసారి ఎవరో అడిగితే, "అడిగే సందర్భం రాలేదు" అన్నాడట. ఎవరు ఎవరిని అడిగే సందర్భమో చెప్పలేదు.

మా అడవికి ఉత్తరాన ఒక గీత ఉంది. గీతంటే చెట్లు కొట్టేసి రెండు బండ్ల వెడల్పున ఖాళీగా ఉంచిన బాట, దాని మధ్యలో ఒక హద్దురాయి. ఇవతల మేము, అవతల నోర్‌బీన్ జట్టు. మా రెండు జట్లకీ పడదు. ఎప్పుడో మావాడు కొట్టిన దుప్పి ఒకటి గీత దాటి వెళ్ళి వాళ్ళ నేలమీద పడింది. కొట్టింది మేమని మావాళ్ళు, పడింది మాదగ్గరని వాళ్ళు. చివరికి ఎవరి వైపు కూలితే వాళ్ళదే అని తేల్చుకుని, ఆ పూట నుంచి కలిసి కాఫీ తాగడం మానేశారు. మా దగ్గర కాఫీ మానేశారంటే ఇక పెళ్ళికీ చావుకీ కూడా పిలుపులుండవు.

అందుకే గీత దగ్గర మాటు వేసేవాడు దుప్పిని అక్కడికక్కడే కూల్చాలి. అలా కూల్చే తుపాకీ ఒక్కడి దగ్గరే ఉంది. ఇక్కడే ఆల్గోత్ కథ మొదలవుతుంది, ముగుస్తుంది కూడా. వేట మొదలయ్యే ముందు రోజు మా జట్టు పెద్ద ఫోల్కె తన టోపీలో పేర్ల చీట్లు వేస్తాడు, ఏ మాటుకి ఎవరి పేరు వస్తే వాళ్ళు అక్కడ కూర్చోవాలి. ఒకరోజు వాగు పక్క, ఒకరోజు గుడిసె పక్క, ఒకరోజు పుట్టగొడుగులు దొరికే దిబ్బ మీద. టోపీ చుట్టూ నవ్వులు, తిట్లు, చీట్లు మార్చుకుందామనే బేరాలు. ఆల్గోత్ పేరు మాత్రం ఆ టోపీలో ఎన్నడూ పడలేదు. "నీ తూటా ఉన్నంతకాలం గీత నీదేనయ్యా" అని ఫోల్కె భుజం తట్టేవాడు. అందరూ చీట్లు తీస్తుంటే ఆయన గోడ పక్కన నిలబడి, నవ్వాలో వద్దో తెలియనట్టు చూసేవాడు.

గీత మాటు అన్నిటికంటే దూరం. బురదనేల చుట్టి వెళ్ళాలి, చుట్టి రావాలి. మధ్యాహ్నం మంట దగ్గర అందరం సాసేజిలు కాల్చుకు తిని, చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకుని, ఇక లేద్దామా అనుకునేటప్పుడు ఆల్గోత్ చెట్లలోంచి వచ్చేవాడు. మాడిన సాసేజి ఒకటి ఆయన కోసం మిగిలేది. నిలబడే తినేవాడు, ఎందుకంటే అప్పటికి అందరం లేచి నిలబడి ఉండేవాళ్ళం.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక ఏడు సెప్టెంబరులో వేట ముందు రోజు ఆల్గోత్ ఫోల్కె వాళ్ళ గరాజుకి వచ్చేసరికి ఆయన భుజాన ఉన్నది మాగ్నమ్ కాదు. ఎవరి దగ్గరో కొన్న పాత ఆరున్నర తుపాకీ.

"అదేంటి?" అన్నాడు ఫోల్కె.

"తుపాకీ."

"కళ్ళున్నాయి నాకు. నీదేది?"

"ఇంట్లో ఉంది." ఆల్గోత్ నేల చూస్తూ, "నా పేరు కూడా టోపీలో వెయ్యి ఫోల్కె" అన్నాడు.

గరాజులో అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. భుజం పోయిందా, డాక్టరు వద్దన్నాడా, తూటాల్లోకి మందు దొరకడం లేదా అని ప్రశ్నలు. "చివరికి మా దారికొచ్చావన్నమాట! ఈ తూటా గొప్పతనం కూడా కాస్త చెప్పు, నిద్ర పడుతుంది" అన్నాడు బెర్తిల్.

"గీత దగ్గర ఎవర్ని కూర్చోబెట్టను?" ఫోల్కెకి కోపం వచ్చింది. "నోర్‌బీన్ వాళ్ళు సంబరపడిపోతారు."

"ఎవరికి వస్తే వాళ్ళు," అన్నాడు ఆల్గోత్. "నాకు మనుషులకి దగ్గరగా ఎక్కడైనా చాలు."

ఆ మాట ఆయన నెమ్మదిగానే అన్నాడు. అన్నేళ్ళలో ఆయన నోట తూటా గురించి కాక తన గురించి విన్న మొదటి మాట అది. ఫోల్కె గొణుక్కుంటూనే ఇంకో చీటీ రాసి టోపీలో వేశాడు. ఆల్గోత్‌కి గుడిసె పక్క మాటు వచ్చింది, అందరూ కోరుకునేది. గీత మాటు నాకొచ్చింది.

మర్నాడు తెల్లవారుతుండగా బురదనేల చుట్టుకుని గీత దగ్గరకి చేరాను. ఆల్గోత్ కూర్చునే మొద్దు నున్నగా అరిగిపోయి ఉంది. దాని మీద కూర్చుంటే గీత, హద్దురాయి, గీతకి అవతల చెట్ల మధ్య ఇంకో మాటు కనిపించాయి. నాలుగు దుంగలు, పైన రేకు. అందులో ఎవరూ లేరు. ఇంత నిశ్శబ్దంలో మనిషి ఏళ్ళ తరబడి ఎలా కూర్చున్నాడా అనుకున్నాను. గంట గడిచేసరికే నాలో నేను మాట్లాడుకోవడం మొదలుపెట్టాను.

మా వేటకుక్క అరుపు దూరంగా వినిపించి దగ్గరయింది. గిత్తలాంటి మగ దుప్పి ఒకటి పొదల్లోంచి వచ్చి గీత అంచున ఆగింది. పక్కకి తిరిగి నిలబడింది, అంతకంటే మంచి అదను దొరకదు. భుజం వెనక సరిగ్గా కొట్టాను. గుండు తగిలింది, ఆ సంగతి నాకు తెలుసు. దుప్పికి మాత్రం తెలియలేదు. ఏదో గుర్తొచ్చినదానిలా గీత దాటి, హద్దురాయి పక్కనుంచి నడిచి, అవతలివైపు చెట్లలోకి వెళ్ళి, అక్కడ తీరిగ్గా మోకాళ్ళ మీద కూలింది. నేను నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. మా ఆరున్నర గురించి ఆల్గోత్ చెప్పిందంతా నా కళ్ళముందే రుజువైంది.

అది చచ్చిందో లేదో చూద్దామని గీత అంచుకి వెళ్ళేసరికి అవతల ఎర్ర తలగుడ్డ ఒకటి కదిలింది. పెద్దావిడ. చేతిలో గుడ్డసంచి, కాళ్ళకి రబ్బరు బూట్లు. దుప్పి వైపు ఒకసారి చూసి, అది కదలడం లేదని తేల్చుకుని నా దగ్గరకి వచ్చింది.

"నువ్వా అమ్మాయ్ కొట్టింది? మోత విని అనుకున్నాను ఇది వేరే తుపాకీ అని. ఆల్గోత్ ఏడీ?"

"ఆల్గోత్ మీకు తెలుసా?" అన్నాను.

"నాకెలా తెలుస్తుంది? మా ఆయనకి తెలుసు. నేను హిల్మాని. తూరె భార్యని." అవతలి మాటు వైపు చెయ్యి చూపించింది. "అక్కడ కూర్చునేవాడు. మార్చిలో పోయాడు."

నోర్‌బీన్ వాళ్ళలో తూరె అనేవాడు పోయాడని నేనూ విన్నాను. మాది కాని ఊరు, మాకు పడని జట్టు, అక్కడితో మర్చిపోయాను. "ఇవి ఆల్గోత్‌కే ఇద్దామని తెచ్చాను," అంటూ హిల్మా సంచి విప్పింది. దాన్నిండా ఖాళీ తూటా గుల్లలు, లావుపాటివి. ఆల్గోత్ తూటాలు అలాగే ఉంటాయి.

"మీ ఆల్గోత్ కొట్టినవి కొట్టినట్టు పడుతున్నాయని మావాళ్ళు కూడా అలాంటి తుపాకీయే కొని మా ఆయన్ని ఇక్కడ కూర్చోబెట్టారు," అంది. "తూటాలు ఎక్కడా దొరకవు, ఈయనకి తయారుచేసుకోవడం చేతకాదు. ఒకరోజు విసుగొచ్చి ఖాళీ గుల్లలు ఆ రాయి మీద పెట్టేసి వచ్చాడట. మర్నాడు చూస్తే అవే గుల్లలు నిండుగా, వరసగా పెట్టి ఉన్నాయట. అప్పట్నుంచీ ప్రతి ఏడూ అంతే. చట్టం ఒప్పుకుంటుందో లేదో నాకు తెలీదు, నువ్వూ ఎవరికీ చెప్పకు. ఈయనేమో బదులుగా రాయి మీద నేను కాచిన లింగన్ పళ్ళ జామ్ పెట్టి వచ్చేవాడు."

ఆల్గోత్ ఎప్పుడూ రొట్టె మీద జామ్ రాసుకునేవాడు. ఒంటరి మగాడు, జామ్ ఎవరు కాచిస్తారని మాలో ఎవరమూ అడగలేదు.

"వేట కాలమంతా ఇంట్లో ఆల్గోత్ కబుర్లే," హిల్మా చెప్పుకుపోతోంది. "ఈరోజు ఆల్గోత్‌కి జలుబు చేసినట్టుంది, ఈరోజు ఆల్గోత్ కొత్త టోపీ పెట్టుకున్నాడు, ఆయన తూటా మోత వినపడింది, దుప్పి పడి ఉంటుంది. నాకున్న స్నేహితుడు ఆ ఒక్కడే హిల్మా అనేవాడు. ఇంతకీ ఎలాంటివాడమ్మా? ఏం మాట్లాడుకునేవాళ్ళు వీళ్ళిద్దరూ?"

ఏం చెప్పను? మాటు దగ్గర నోరు విప్పకూడదు, విప్పితే దుప్పి రాదు. అదీకాక మా రెండు జట్ల మధ్య పలకరింపుల్లేవు. మొదటి ఏడు పలకరించలేదంటే రెండో ఏడు మొహమాటం, ఆ తర్వాత ఇక నోరు పెగలదు. మా మనుషులు నాకు తెలుసు. వీళ్ళిద్దరూ ఏ ఒక్కరోజూ మాట్లాడుకోలేదని ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. కానీ ఆవిడకి చెప్పడానికి మనసొప్పలేదు.

"మరి అంత్యక్రియలకి ఎందుకు రాలేదు?" అని హిల్మా అడిగింది. ఈసారి గొంతులో నొప్పి ఉంది. "పెట్టె మోసేవాళ్ళలో ఆల్గోత్ ఉండాలని మా ఆయన ఆస్పత్రిలో చెప్పి పోయాడు. నేను కబురు కూడా పెట్టాను."

దుప్పి సంగతి ఏం చేద్దామని అడిగితే, "అది మగాళ్ళు తేల్చుకుంటారు, నన్ను ముందు ఆయన దగ్గరకి తీసుకెళ్ళు" అంది. ఇద్దరం బురదనేల చుట్టుకుని మంట దగ్గరకి బయల్దేరాం.

మేం వెళ్ళేసరికి అందరూ చేరిపోయారు. ఆల్గోత్ దుంగ మీద మధ్యలో కూర్చుని ఉన్నాడు, ఒక పక్క బెర్తిల్, ఇంకో పక్క ఎవరో. చేతిలో వేడి సాసేజి. బెర్తిల్ ఏదో అంటే ఆలస్యంగా, కొంచెం ఎక్కువగానే నవ్వుతున్నాడు. కొత్త ఇంటికి వచ్చిన చుట్టంలా మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. అంతలో నేను దుప్పి గీత దాటి పడిందని చెప్పాను, ఫోల్కె భగ్గుమన్నాడు.

"చూశావా? నీ సరదా కోసం జరిగింది చూశావా? అంత మగ దుప్పి! వాళ్ళ పొయ్యిల మీద ఉడుకుతుందిక!" అని ఆల్గోత్ మీద పడ్డాడు. "రేపు నీ ఫిరంగి తెచ్చుకుని నీ చోట కూర్చో. చీట్లూ లేవు, గీట్లూ లేవు."

ఆల్గోత్ సాసేజి కిందికి దించాడు. "నేనక్కడ కూర్చోలేను ఫోల్కె."

"ఎందుకు కూర్చోలేవు? ఇన్నేళ్ళు కూర్చున్నావుగా!"

"ఇన్నేళ్ళూ ఒక్కణ్ణే కూర్చోలేదు," అన్నాడు ఆల్గోత్.

నా వెనకనుంచి హిల్మా ముందుకొచ్చింది. "ఫోల్కె అంటే నువ్వేనా?" అంది. "మార్చిలో నీకు ఫోన్ చేశాను. ఆల్గోత్ ఇంటిపేరు మాకు తెలీదు, అందుకే నీకు. మా ఆయన పెట్టె మొయ్యడానికి రమ్మని చెప్పమన్నాను."

ఫోల్కె ముఖంలో కోపం దిగిపోయింది. గుర్తు తెచ్చుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "పొరపాటు పడ్డారనుకున్నాను," అన్నాడు చివరికి. "మా ఆల్గోత్ మీ వాళ్ళెవరితోనూ మాట్లాడగా మేం చూడలేదు. ఇంకెవరో ఆల్గోత్ అయి ఉంటాడనుకుని, సరేనని పెట్టేశాను. ఆ తర్వాత… మర్చిపోయాను."

ఆల్గోత్ లేచి నిలబడ్డాడు. హిల్మాని చూశాడు, ఆవిడ చేతిలోని సంచిని చూశాడు, అందులో ఏముందో అడగలేదు.

"పేపర్లో చూశాను అమ్మా," అన్నాడు. "రావాలనుకున్నాను. బూట్లు కూడా తుడుచుకున్నాను. వచ్చి ఎవరినని చెప్పుకోను అనిపించింది."

"ఎవరూ అడిగేవారు కాదు. నీ కోసం పెట్టె ఆరు పిడుల్లో ఒకటి వదిలేశాం. ఐదుగురే మోశారు."

"బరువైందా?"

"అవును. నీ వైపు ఒరిగింది."

ఆల్గోత్ తలూపాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచినట్టు లేదు. నాకు ఫోల్కెని అక్కడే నాలుగు దులపాలనిపించింది. నేను నోరు తెరిచేలోపే ఫోల్కె "ఆల్గోత్, నేను…" అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"నీ తప్పేం లేదు," అన్నాడు ఆల్గోత్. "నువ్వు నన్నే అడిగినా తూరె నాకు తెలీదనే చెప్పి ఉండేవాణ్ణేమో. మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు."

హిల్మా ఆశ్చర్యంగా నా వైపు చూసింది, నేను తల దించుకున్నాను. "ఒక్కటి కూడానా?" అంది.

"ఒక్కటి కూడా."

ఆవిడ దుంగ మీద కూర్చుంది. పక్కనున్న బెర్తిల్ లేచి చోటిచ్చాడు. ఆల్గోత్ ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"ఆయన గొంతు ఎలా ఉండేదమ్మా?" అని అడిగాడు.

"సన్నగా ఉండేది," అంది హిల్మా. "అంత పెద్ద మనిషికి ఆ పిల్లగొంతు ఏమిటని అందరూ నవ్వేవారు. అందుకే బయట ఎక్కువగా మాట్లాడేవాడు కాదు."

"సన్నగానా," అన్నాడు ఆల్గోత్. "నేను బొంగురుగా ఉంటుందనుకున్నాను."